నారాలో కడపటి దినము



ఈ వసంతమున మూడు వారములపాటు జపాను దేశమున తిరిగి వచ్చితిమి. ‘మేము’ అనుట రేడియో అలవాటే గాని వెళ్ళినది ఒంటరిగానే. తోడులేని ప్రయాణమునందు ఒక సుఖము, ఒక కష్టము కలవు. నిలువవలెననిపించిన చోట ఎంతసేపైనను నిలువవచ్చును, త్వరపెట్టువారుండరు. అది సుఖము. వింత యేదైన కనబడినప్పుడు ‘చూచితిరా!’ అని చెప్పుకొనుటకు ప్రక్కన మనిషి యుండడు. అది కష్టము. ఆ కష్టమును నేటి రాత్రి మీతో పంచుకొని దించుకొందుము.

ప్రయాణమునకు కొలది దినముల ముందు మాకొక పోస్టుకార్డు వచ్చెను. పల్నాటి సీమనుండి ఒక విశ్రాంత ఉపాధ్యాయులు మనుమరాలిచేత వ్రాయించి పంపినది. అందలి మాటలివి:

“అయ్యా, మీ ప్రసంగాలు చాలా ఏళ్ళనుంచి వింటున్నాను. నాకు చూపు పోయి నాలుగేళ్ళయింది. మీరు జపాను వెళుతున్నారని రేడియోలో చెప్పారు. అక్కడి కొండలూ, పూలూ, రంగులూ ఎలాగూ వర్ణిస్తారు. ఈసారి చెవితో విన్నది ఏదైనా ఒకటి నాకోసం తెచ్చిపెట్టండి. మా నాగార్జునకొండ పేరు ఆ దేశంలో ఎవరైనా ఎరుగుదురేమో అదికూడా కనుక్కోండి.”

శ్రోతలు ఎరుగని మాట ఒకటి చెప్పెదము. తలుపులు బిగించిన గదిలో, మైకు ఎదుట కూర్చుండి ఇరువది యేండ్లుగా మాటలాడుచున్నాము. ఎదుట ఒక గోడ, ఒక గడియారము తప్ప మరేమియు కనబడదు. ఈ మాటలు ఎవరి చెవినైన పడుచున్నవా అని ఒక్కొక్క రాత్రి సందేహము కలుగును. ఇంటింట చూచుటకే యంత్రములు పెరిగిన ఈ కాలమున ఆ సందేహము మరింత బలపడినది. అట్టి సమయమున వచ్చిన కార్డది. దానిని చొక్కా జేబులో పెట్టుకొని బయలుదేరితిమి.

మూడు వారములును అది జేబులోనే యుండెను. తోక్యోలోను క్యోతోలోను వినదగినవి లేకపోలేదు. రైలు కదలుటకు ముందు స్టేషనులలో మ్రోగు చిన్నచిన్న పాటలు, వెదురుతోపులలో గాలి సవ్వడి, అంగడివారి ఆహ్వానములు, వీనినన్నింటిని చిన్న రికార్డింగు యంత్రమున పట్టుకొంటిమి. కాని రాత్రివేళ బసలో కూర్చుండి విన్నప్పుడు, మాస్టారుగారికి వినిపింపదగినది ఇదియే యని ఒక్కటియు తోచలేదు. ఇట్లుండగా దినములు గడచి తుదకు ఒక్క దినము మిగిలెను. మరునాటి ఉదయము ఓసాకా సమీపమున విమానమెక్కవలెను. ఆ మిగిలిన దినమును నారా నగరమునకు కేటాయించితిమి.

నారా నగరము క్యోతోకు దక్షిణమున రైలులో గంటలోపు ప్రయాణము. 710వ సంవత్సరము మొదలు 784 వరకు, నడుమ కొన్ని సంవత్సరములు తప్ప, జపాను దేశమునకు అదియే రాజధాని. నేడు అది తొందర యెరుగని చిన్న పట్టణము. ముందటి రాత్రియే అచ్చటికి చేరి, చూడవలసిన స్థలముల పట్టిక యొకటి వ్రాసికొంటిమి. తోదాయ్‌జీ, కసుగా దేవాలయము, కోఫుకుజీ, హోర్యూజీ, యాకుషీజీ, తోషోదాయ్‌జీ, మ్యూజియము, పాత వీధులు: మొత్తము ఎనిమిది. ఒక్కొక్కదానికి ఇన్ని నిమిషములని లెక్కయు కట్టితిమి. కడపటి దినమున యాత్రికునికి పట్టు ఆశ ఇట్టిది. ముగియనున్న విందులో విస్తరి నిండుగా వడ్డించుకొనువానివలె ఉండును.

ఉదయమున ఉద్యానవనములో అడుగిడగానే జింకలు ఎదురువచ్చెను. ఆ నగరమున వేయికి పైగా జింకలు నిర్భయముగా తిరుగుచుండును. కసుగా దేవాలయపు దైవము తెల్లని జింకనెక్కి వచ్చెనని స్థలపురాణము. కావున వానిని దేవదూతలుగా ఎంచి పూర్వమునుండి కాపాడుచున్నారు. 1957లో ప్రభుత్వము వానిని జాతీయ ప్రకృతి సంపదగా ప్రకటించినది. తవుడు, పిండి కలిపి కాల్చిన అప్పడమువంటి బిళ్ళలను దారిప్రక్కన అమ్ముదురు. బిళ్ళ చేతిలో కనబడినచో కొన్ని జింకలు తల వంచి నమస్కరించును. మేము ఆ వినయమునకు ముచ్చటపడుచుండగా, వెనుకనుండి వచ్చిన మరియొక జింక మా చేతిలోని పట్టికను నోట కరచుకొని, మేము తిరిగి చూచునంతలో నమలి మ్రింగివేసెను. మరుక్షణమున చొక్కా జేబుమీదికి మూతి చాపెను. మేము జేబును రెండు చేతులతో అదిమి పట్టుకొంటిమి.

ఎనిమిది స్థలములును జింక కడుపులోనికి పోయినవి. జేబులోని కార్డు మాత్రము దక్కినది. మాలో మేము నవ్వుకొని, ఇదియు మంచికే జరిగినదని, నేటి దినమును ఆ కార్డులోని పనిమీదనే గడపుదమని నిశ్చయించుకొంటిమి. అది మొదలు తోదాయ్‌జీ ఆవరణమును దాటి వెళ్ళలేదు.

తోదాయ్‌జీ అనగా తూర్పు మహాలయము. అందు వెలసినది నారా మహాబుద్ధుడు. ఈ బుద్ధునికిని మన దేశమునకును గల సంబంధము తెలియవలెనన్నచో సుమారు పండ్రెండువందల ఎనుబది యేండ్లు వెనుకకు పోవలెను.

735 మొదలు 737 వరకు జపానులో మశూచి వ్యాపించి ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకొని పోయినవి. రాజ్యమునేలుచున్న షోము చక్రవర్తి మనస్సు కలత చెందెను. దేశమునకు శాంతి కలుగుటకై ఒక మహాబుద్ధ విగ్రహమును పోతపోయింపవలెనని 743లో ఆయన శాసనము వెలువరించెను. ఒక్క గడ్డిపోచను గాని ఒక్క పిడికెడు మట్టిని గాని తెచ్చి సాయపడదలచిన వారుండినచో వారిని రానిండని ఆ శాసనమున ఒక మాట కలదు. ధనమును, అధికారమును తనవేయని చెప్పుకొనిన రాజే గడ్డిపోచను కూడ వలదనలేదు. గ్యోకి యను భిక్షువు ఊరూర తిరిగి జనమును కూడగట్టెను. 747 మొదలు 749 వరకు ఎనిమిది పోతలుగా విగ్రహమును అడుగునుండి పైకి పోసిరి. ఎత్తు సుమారు 15 మీటర్లు. పట్టిన రాగి సుమారు 500 టన్నులు.

విగ్రహము సిద్ధమైన పిదప కన్నులు దిద్దవలెను. కనుపాపలు దిద్దువరకు అది లోహమే. దిద్దిన పిదప దైవము. మన దేశమునను శిల్పి కడపట చేయునది నేత్రోన్మీలనమే కదా! ఆ పనికి ఎంచబడినవాడు బోధిసేనుడను భారతీయ భిక్షువు.

బోధిసేనుడు 704లో జన్మించెను. దక్షిణ భారతీయుడైన బ్రాహ్మణుడని జపానువారి సంప్రదాయము. ఆయనను వారు ‘బరామోన్ సోజో’ అందురు. అనగా బ్రాహ్మణ మహాచార్యుడని అర్థము. తెలుగువాడని చెప్పుటకు ఆధారము లేదు కావున మేము చెప్పము. మంజుశ్రీ బోధిసత్త్వుని దర్శింపగోరి ఆయన చీనాలోని వూతాయ్ పర్వతమునకు పోయెను. చీనాకు వచ్చిన జపాను రాయబారులు ఆహ్వానింపగా, 736లో సముద్రము దాటి నానివ రేవున దిగెను. నేటి ఓసాకాయే ఆ నానివ. రేవులో ఎదురేగి స్వాగతము చెప్పినవాడు ఇంతకుముందు చెప్పిన గ్యోకి. బోధిసేనునితో వచ్చిన చంపాదేశపు భిక్షువొకడు సంగీత నృత్యములను తెచ్చెను. జపాను ఆస్థాన సంగీతమునందు అది నేటికిని ఒక శాఖగా చెప్పబడుచున్నది.

752వ సంవత్సరము నాల్గవ మాసము తొమ్మిదవ దినమున నేత్రోన్మీలన మహోత్సవము జరిగెను. పదివేలమంది భిక్షువులు కూడిరని చెప్పుదురు. షోము చక్రవర్తి అప్పటికి సింహాసనమును కుమార్తెకు అప్పగించియుండెను, ఆరోగ్యము చెడియుండెను. ఆయనకు మారుగా బోధిసేనుడు కుంచెను చేతబట్టెను. ఇచ్చట ఒక విశేషమును గమనింపుడు. ఆ కుంచెకు నీలి పట్టుదారమును కట్టిరి. దాని పొడవు సుమారు 200 మీటర్లు. ఆ దారమును చక్రవర్తి మొదలుకొని సభలోనివారు పట్టుకొనిరి. కుంచె కదలినప్పుడు దారము కదలెను. బుద్ధుని కన్నులు దిద్దిన పుణ్యమున దారము పట్టినవారికందరికిని పాలు కలిగెను.

ఈ కథను మేము పుస్తకములలో చదివియుంటిమి. ఆ కన్నులను స్వయముగా చూతమని మహాద్వారము దాటి లోపలికి పోతిమి. ద్వారమునకు ఇరుప్రక్కల నిలిచిన ఎనిమిది మీటర్ల ద్వారపాలకులను 1203లో ఉన్కెయ్, కాయ్‌కెయ్ అను శిల్పులును వారి శిష్యులును రెండు నెలలకు కొంచెము మించిన కాలములో చెక్కిరి. వారిని చూచియు నిలువక, ఆవరణమున నడుమనున్న కంచు దీపస్తంభమును కూడ దాటి, తిన్నగా బుద్ధుని ఎదుటికి వెళ్ళితిమి.

విగ్రహము చాల పెద్దది. చూచుటకు తల వెనుకకు వాల్పవలెను. అరమోడ్పు కన్నులు క్రిందికి చూచుచున్నవి. చాలసేపు నిలిచి చూచిన పిదప అచ్చటి పలకమీది చరిత్రను చదివితిమి. చదివి కొంత చల్లబడితిమి. 1180లో యుద్ధమున ఈ ఆలయము కాలి బుద్ధుని శిరస్సు కరగిపోయినది. మరల పోసిరి. 1567లో మరల యుద్ధము వచ్చెను, మరల కాలెను. ఆ పిదప వంద యేండ్లకు పైగా సరియైన శిరస్సు లేక, పైకప్పును నిలువక, బుద్ధుడు ఎండకు వానకు ఓర్చి కూర్చుండెను. నేటి శిరస్సు పదునేడవ శతాబ్దపు కడపటిది. 1692లో మరల కన్నులు తెరచిరి. ఈ మందిరము 1709 నాటిది. మొదటి మందిరము దీనికంటె వెడల్పున సుమారు ముప్పది మీటర్లు పెద్దదట! పీఠపు పద్మదళములలో కొన్ని మాత్రము ఆనాటివి.

బోధిసేనుడు దిద్దిన కన్నులు లేవు. మేము ఇంతసేపు చూచిన చూపు ఆయన తెరచిన చూపు కాదు.

మందిరమున వెనుకవైపు ఒక స్తంభము మొదట చదరపు రంధ్రము కలదు. బుద్ధుని నాసికారంధ్రమంత వెడల్పు అని చెప్పుదురు. దానిలో దూరి ఆవలికి వచ్చినవారికి శుభము కలుగునని నమ్మకము. బడిపిల్లలు వరుస కట్టి దూరుచుండిరి. తన వంతునకై వేచియున్న ఒక చిన్నదానిచేత తల్లి అక్షరములు చెప్పించుచుండెను. మేము చెవియొగ్గితిమి. ‘అ, ఇ, ఉ, ఎ, ఒ. క, కి, కు, కె, కొ.’ ఇది మన గుణింతము కాదా! జపాను అక్షరముల రూపములు చీనా లిపినుండి వచ్చినవి గాని, వాని వరుస మన వర్ణమాల వరుస. సంస్కృతాక్షరములను అభ్యసించిన బౌద్ధపండితుల మూలమున ఆ వరుస అచ్చట నిలిచినది. క తరువాత స, త, న, హ, మ, య, ర, వ అని ఆ చిన్నది ఊపిరి తీయక అప్పగించి రంధ్రములో దూరెను. రికార్డింగు యంత్రమును జేబునుండి తీయుటయే మరచితిమి.

నాగార్జునుని సంగతియు ఇచ్చటనే తెలిసినది. ప్రాచీనకాలమున తోదాయ్‌జీ ఒక విద్యాపీఠము. అచ్చట ఆరు శాస్త్రసంప్రదాయములను బోధించిరి. వానిలో ‘సాన్రోన్’ అనునది మూడు గ్రంథములపై నిలిచినది. మూడింటిలో రెండు ఆచార్య నాగార్జునుని పేరిటివి. మూడవది ఆయన శిష్యుడైన ఆర్యదేవునిది. జపానువారు నాగార్జునుని ‘ర్యూజు’ అందురు. ఎనిమిది సంప్రదాయములకు మూలపురుషుడని కొలుతురు. మన శ్రీపర్వత విజయపురితో ఆయన పేరు ముడివడియున్నది. ఆ విజయపురి శాసనములలో సింహళ చీనాది దేశముల పేర్లు కలవు. మాస్టారుగారి రెండవ ప్రశ్నకు ఇది సమాధానము: కొండ పేరు కాదు గాని, కొండకు పేరిచ్చిన ఆచార్యుని పేరు ఆ దేశమున ఎరుగుదురు.

మొదటి కోరిక మిగిలియేయున్నది.

కన్నులు పోయినను, ఆ కన్నులను దిద్దిన కుంచె పోలేదని మాకు తెలియును. మందిరమునకు వెనుక షోసోయిన్ అను కొయ్య భాండాగారము కలదు. షోము చక్రవర్తి గతించిన పిదప ఆయన వాడుకొనిన వస్తువులను రాణి కోమ్యో 756లో మహాబుద్ధునికి సమర్పించెను. వానినందు భద్రపరచిరి. ముక్కోణపు దూలములను మేకులు లేక పేర్చి, నేలకు ఎత్తుగా స్తంభములపై నిలిపిన ఆ కట్టడము ఎన్ని యుద్ధములు జరిగినను కాలలేదు. సుమారు తొమ్మిదివేల వస్తువులు దక్కినవి. వానిలో ఎఱ్ఱచందనమువంటి కొయ్యతో చేసి ముత్యపుచిప్పలు తాపిన అయిదు తంత్రుల వీణ యొకటి. ఆ వాద్యము పుట్టినది భారతదేశమున. ప్రాచీనకాలపుది నేడు లోకమున మిగిలినది ఆ యొక్కటియే. బోధిసేనుని కుంచెయు, నీలి దారమును కూడ అందే దక్కినవి. 1185లో శిరస్సును మరల పోసినప్పుడు గోషిరకావ యను మాజీ చక్రవర్తి నాలుగువందల యేండ్లనాటి ఆ కుంచెతోనే మరల కన్నులు దిద్దెను.

ఆశతో నడచితిమి. పనిదినము కావున దూరమునుండి భవనమును చూచుటకు అనుమతి దొరకినది. ముదురురంగు కొయ్య, బరువైన పెంకుల కప్పు, చుట్టును నిశ్శబ్దము. అంతే! వస్తువులను ఏనాడో క్రొత్త భాండాగారములకు తరలించిరి. ఏటేట శరదృతువున రెండు వారములు మాత్రము కొన్నింటిని మ్యూజియములో ప్రదర్శింతురు. మేము వెళ్ళినది వసంతమున. సకురా పూరేకులు ఆ కంకర దారిపై రాలుచుండెను. అందరు ఆ పూలను చూచి ఆనందించుచుండిరి. మేము మాత్రము, ఆరునెలలు ముందో వెనుకో వచ్చితిమి కదా యని విచారించుచు నిలిచితిమి. కడపటి దినమున కనబడనిదానికి మరుసటి దినముండదు.

తిరిగివచ్చు దారిలో, ఉదయమున దాటిపోయిన కంచు దీపస్తంభము ఎదురైనది. ఈసారి నిలిచితిమి. ఎనిమిది ముఖములు, నాలుగున్నర మీటర్లకు పైబడిన ఎత్తు. ఎనిమిదవ శతాబ్దమున చేసినది. రెండు మంటలలోను అది బ్రతికినది. దాని తలుపులపై మేఘములనడుమ నిలిచిన బోధిసత్త్వులున్నారు. ఒకరి చేతిలో తాళములు, మరియొకరి పెదవులపై పిల్లనగ్రోవి. వారి పేరు నాదబోధిసత్త్వులని మన భాషలో చెప్పవచ్చును. కంచు పిల్లనగ్రోవి వినబడదు. కాని దానిని చూచినంతనే మా మతిమరపుపై మాకే సిగ్గు వేసెను. చెవితో విన్నదానిని తెమ్మని ఒక గ్రుడ్డి పెద్దమనిషి అడిగియుండగా, ఉదయమునుండి మేము కన్నులకొరకే తిరుగుచుంటిమి!

ఆవరణమున పడమటివైపు కాయ్‌దాన్‌దో అను మందిరము కలదు. బోధిసేనుడు కన్నులు దిద్దిన రెండేండ్లకు చీనానుండి గాంజిన్ అను గురువు ఈ నగరమునకు వచ్చెను. అయిదుసార్లు ప్రయత్నించి తుఫానులవలనను అడ్డంకులవలనను చేరలేక, ఆరవసారి చేరెను. ఈ లోపల చూపు పోయెనని ఆయన చరిత్ర చెప్పుచున్నది. చక్రవర్తికి దీక్ష ఇచ్చిన ఆ గురువు పేర ఏర్పడినదే ఆ దీక్షావేదిక. కన్నులు తెరచిన భారతీయుడును, కన్నులు లేని చీనా గురువును ఈ ఊరిలోనే కలిసికొనిరి. మేము ఆ మందిరపు మెట్లపై కూర్చుండి కార్డును మరల చదువుకొంటిమి.

సాయంకాలమున తూర్పుకొండ యెక్కి నిగాత్సుదో మందిరపు వసారానుండి ఊరిలో దీపములు వెలుగుట చూచితిమి. ఆ మందిరమున ఏటేట మార్చి నెలలో జరుగు దీపవ్రతము 752లోనే మొదలై ఒక్క యేడును తప్పలేదు. చీకటి పడిన పిదప మెట్లు దిగుచుండగా గంటామండపము ఎదురైనది. ఆవరణములో జనము లేదు. ఒక ముదుసలి మాత్రము ఒక రాతిపై కూర్చుండియుండెను. స్థానికుడే. కొద్దిగా ఇంగ్లీషు తెలిసినవాడు. “ఏ దేశము?” అని అడిగెను. చెప్పితిమి. ఆయన లేచి నిలిచి, తల వంచి, “బరామోన్ సోజో” అనెను. పిమ్మట గడియారమును చూపి, ఎనిమిది గంటలవరకు ఉండుమని సైగ చేసెను.

ఆ గంటను గురించి అప్పుడు తెలిసికొంటిమి. బరువు 26 టన్నులకు పైగా. ఎత్తు సుమారు నాలుగు మీటర్లు. మండపము పదుమూడవ శతాబ్దపుది. టీ త్రాగు అలవాటును జపానులో వ్యాపింపజేసిన ఏయ్‌సాయ్ గురువు దానిని కట్టించెను. గంటను మాత్రము 752లో పోసిరి. బుద్ధుని కన్నులు తెరచిన యేడే అది!

ఒక్కసారిగా లెక్క తెలిసినది. బోధిసేనుడు 760లో ఈ నగరముననే గతించెను. తిరుగు ప్రయాణము లేదు. ఆయన దిద్దిన కన్నులు కాలిపోయినవి. పట్టిన కుంచె మా కంటబడలేదు. కాని కడపటి యెనిమిదేండ్లు ఆయన చెవిన పడిన గంట ఇదియే. ఆ లోహమే నేడు మా ఎదుట వ్రేలాడుచున్నది.

యంత్రమును తీసి సరిచేసికొనుచుండగానే ఎనిమిదైనది. దూలమును వెనుకకు లాగి కొట్టిరి. మొదటి దెబ్బ యంత్రమునకు దక్కలేదు. మా చేతులు తడబడినవి. ఆ ధ్వని చెవికంటె ముందు కాళ్ళక్రింది నేలలో తెలిసినది. పిమ్మట రొమ్ములోనికి వచ్చినది. ముదుసలి తన అరచేతిని గుండెపై పెట్టి చూపెను, మేమును పెట్టుకొంటిమి. దెబ్బ ఆగినను నాదము ఆగదు. అలవలె లేచి, పడి, మరల లేచి, చెట్లలోనికి పోయి, ఇంక లేదనుకొన్నప్పుడు కూడ అరచేతిక్రింద కొంత మిగిలియుండును. అది పూర్తిగా అణగినదో లేదో తెలియకమునుపే రెండవ దెబ్బ పడెను. దూరమున ఒక జింక అరచెను. తక్కిన దెబ్బలనన్నింటిని యంత్రము పట్టుకొన్నది.

ముదుసలి మరల తల వంచి చీకటిలో వెళ్ళిపోయెను. అందరును వెళ్ళిన పిదప మేము ఆ రాతిమీద కూర్చుండి ఆ నీలి దారమును గురించి ఆలోచించితిమి. నాటి సభలో కుంచె పట్టినవాడు ఒక్కడు. దారము 200 మీటర్లు. దాని చివర నిలిచినవారికి బుద్ధుని కన్నులు కనబడియుండునా? వారి ముందు ఎన్ని తలలో, ఎన్ని ధ్వజములో! కనబడకపోయినను వ్రేళ్ళనడుమ దారము కదలుట వారికి తెలిసియుండును. కన్నులు తెరచుకొన్నవని ఆ కదలికచేతనే వారు ఎరిగియుందురు. చూడనివారిని పాలివారిగా చేయుటకే గదా అంత పొడవు దారమును కట్టినది!

మా పనియు అట్టిదే యని ఆ రాత్రి తోచినది. మైకు ఎదుట కూర్చున్నవానికి వినువారు కనబడరు. వినువారికి పలుకువాడు కనబడడు. నడుమ ఒక దారము కలదు. అటు చివర ఎవరైన పట్టుకొనియున్నారా యని మేము సందేహించుచుందుము. పల్నాటినుండి వచ్చిన పోస్టుకార్డు ఆ దారమును అటునుండి ఒకసారి లాగినట్లయినది. అది తెలియుటకు మాకు జపాను వరకు పోవలసివచ్చెను. ఎనిమిది స్థలముల పట్టికను ఒక జింక తినవలసివచ్చెను.

మరునాటి ఉదయము విమానమెక్కితిమి. హోర్యూజీని చూడలేదు. కసుగాలోని మూడువేల దీపములను చూడలేదు. యాకుషీజీ స్తూపమును చూడలేదు. నారా వెళ్ళి ఇవి చూడకుండ వచ్చితిరా యని మిత్రులు అడుగుచున్నారు. చూడలేదని ఒప్పుకొనుచున్నాము.

మాస్టారుగారూ, మీరు ఈ వేళ రేడియో దగ్గర కూర్చుండియుందురని నమ్ముచున్నాము. నాగార్జునుని వారు ర్యూజు అందురు. మీ మనుమరాలిచేత వ్రాయించుకొనుడు. మీరు తెమ్మన్నది తెచ్చితిమి. ఈ ప్రసంగము ముగియగానే, 752లో పోసిన ఆ గంట వినబడును. అది అచ్చటి గంటవలె నేలను కదలింపలేదు. మా చిన్న యంత్రమునకు అంత శక్తి లేదు. ఐనను మీ అరచేతిని రేడియో పెట్టెపై ఆనించి పెట్టుడు. అది వణకినచో దారము కదలినదని ఎరుగుడు.

తక్కిన శ్రోతలును వినుడు. సెలవు.